59 ఏళ్లకు కథలు, బొమ్మలు మొదలుపెట్టొచ్చా?

ప్రశ్న: అక్కా, నాకు 59 ఏళ్లు. మా ఆయన సింగరేణిలో చేసి రిటైర్ అయ్యాడు. పెళ్లయినప్పటి నుంచి మందమర్రి క్వార్టర్లలోనే ఉన్నాం. ఇప్పుడు హనుమకొండలో ఇల్లు కట్టుకుని కొడుకు, కోడలు, మనవడితో కలిసి ఉంటున్నాం. బొమ్మలు గీయడం, ఏదో ఒకటి రాసుకోవడం నాకు చిన్నప్పటి నుంచి ఇష్టం. పెళ్లి, పిల్లలు, షిఫ్టుల మధ్య అది అట్లనే ఉండిపోయింది. ఈ మధ్య నోటుబుక్కులో కథలు రాస్తున్నా, ఫోన్‌లో ఫొటోలు చూసి బొమ్మలు గీస్తున్నా. రాత్రి పనులన్నీ అయ్యాక కూర్చుంటే గంటకే తలనొప్పి వస్తోంది. "ఈ వయసులో ఇదంతా ఎందుకమ్మా, టైంపాస్‌కు టీవీ ఉంది కదా" అంటాడు కొడుకు. మా ఆయన మాత్రం యాభై వేలు పెట్టి నా కథలన్నీ పుస్తకం వేయిస్తానంటున్నాడు. రాయడమా, గీయడమా, ఏది పట్టుకోవాలో తెలియడం లేదు. నాది మా ఇంటి భాష, పత్రికల్లో ఉండే భాష రాదు. మా వదిన బతుకును కథగా రాయాలని ఉంది, కానీ ఇంట్లో గొడవ అవుతుందని భయం. నిజం చెప్పండి, ఆలస్యమైందా? రెండు పేజీలు, ఒక బొమ్మ పంపుతున్నా.
– ఒక చెల్లెలు, హనుమకొండ

సమాధానం: చెల్లెమ్మా, ముందు మీరు పంపిన రెండు పేజీల గురించి మాట్లాడాలి. ఆలస్యమైందా అన్న ప్రశ్నకు జవాబు నాకు వాటిలోనే దొరికింది.

మొదటి పేజీ అంతా తెల్లవారడమే. తూర్పు ఎరుపెక్కింది, కోయిల కూసింది, గడ్డి మీద మంచు ముత్యాలు మెరిశాయి. అక్షర దోషాలు లేవు, వాక్యాలు బాగానే ఉన్నాయి. కానీ ఆ తెల్లవారడం మందమర్రిది కాదు, చాలా కథల్లో అందరం చదివిందే. రెండో పేజీలో ఒక పేరా దగ్గర నేను ఆగిపోయాను. డ్యూటీ దిగి వచ్చిన భర్త బట్టలను భార్య వేరే బకెట్లో నానబెడుతుంది. బొగ్గు తీసే చోట పనిచేసిన రోజు నీళ్లు ఎన్నిసార్లు మార్చినా నలుపు వస్తూనే ఉంటుంది. బాయిలో, అంటే బొగ్గు గనిలో, తెల్లపొడి చల్లిన రోజు బట్టలు బూడిద రంగుకు తిరిగి ఉంటాయి, నానబెడితే నీళ్లు పాలలా అవుతాయి. అతను నోరు విప్పకముందే, ఆ రోజు ఏ పని మీద ఉన్నాడో బకెట్ చూసి ఆమె చెప్పగలదు.

ఆ పొడి గురించి తెలియని పాఠకుల కోసం ఒక మాట. అది సున్నపురాయి పొడి. భూగర్భ గనిలో బొగ్గు ధూళికి నిప్పు తగిలితే మంట దారుల వెంట దూరం దాకా పాకుతుంది. అలా పాకకుండా గోడలకు, పైకప్పుకు, నేలకు ఆ రాతిపొడి చల్లుతారు. గని భద్రతలో ఇది మొదటి పాఠాల్లో ఒకటి. దాన్ని బట్టలు ఉతికే మనిషి వైపు నుంచి చెప్పిన వాక్యం నేనైతే ఇంతవరకు చదవలేదు. మొదటి పేజీ తీసేయండి. కథను బకెట్ దగ్గర మొదలుపెట్టండి.

ఆ పేరా పాతికేళ్ల వయసులో మీరు రాయగలిగేవారా? అప్పుడు ఆ బట్టలు ఉతకడంతోనే పొద్దు సరిపోయి ఉంటుంది. మూడో షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు పడుకుంటే పిల్లలను చప్పుడు చేయకుండా ఆడించడం, సెకండ్ షిఫ్టు నుంచి రావడం ఆలస్యమైతే పక్క క్వార్టర్ ఆమెతో కలిసి గేటు దగ్గర నిలబడడం, 2011లో సకల జనుల సమ్మెకు బాయిలు ఆగినప్పుడు జీతం లేకుండా ఇల్లు నెట్టుకురావడం... ఇవన్నీ మీరు రాసిన పూర్తి ఉత్తరంలో అక్కడక్కడా, ఏదో మాట వరసకు చెప్పినట్టు ఉన్నాయి. సింగరేణి కార్మికుల మీద కథలు, పాటలు చాలా వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం బాయి లోపలి నుంచి, లేకపోతే యూనియన్ ఆఫీసు నుంచి చూసినవే. క్వార్టర్ వంటింట్లో నుంచి చూసినవి తక్కువ. మీకు ఆలస్యం వల్ల కలిసొచ్చింది ఈ సరుకే.

అట్లాగని వయసు అడ్డే కాదని మీకు అబద్ధం చెప్పను. కొన్ని తలుపులు మూసుకున్నాయి. కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం 35 ఏళ్ల లోపు వాళ్లకే. ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చేరి నాలుగేళ్లు రోజంతా గీస్తూ చేయి తిప్పుకునే అవకాశం మీకు రాకపోవచ్చు. కళ్లు ఒకప్పటిలా ఉండవు. ఆ తలనొప్పి టెన్షన్ వల్ల అనుకుని ఊరుకోకండి. ఈ వారమే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. చత్వారం నంబరు మారి ఉండొచ్చు, శుక్లం మొదలై ఉండొచ్చు. రాయడానికి, గీయడానికి ఎంత దూరంలో కాగితం పెట్టుకుంటారో డాక్టరుకు చెప్పి దానికి సరిపోయే అద్దాలు రాయించుకోండి. నేల మీద కూర్చుని గీయొద్దు, మోకాళ్లు, నడుము రెండూ పోతాయి. ఒక బల్ల, వీపుకు ఆనిక ఉన్న కుర్చీ, ఎడమ వైపు నుంచి వెలుతురు పడే దీపం పెట్టుకోండి. మీరు ఎడమచేతి వాటమైతే దీపం కుడి వైపు.

ఇలాంటి ప్రశ్న వస్తే గొప్పవాళ్ల పేర్లు చెప్పడం మనకు అలవాటు. పి.వి. నరసింహారావు గారిది మన లక్నేపల్లి. ఆయన నవల 1998లో వచ్చేసరికి ఆయనకు డెబ్బై అయిదు దాటాయి. చిన్నగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య గారు పెద్ద వయసులో నాలుగు వేదాలనూ తెలుగులోకి తెచ్చారు. కానీ వీళ్లు వయసు మళ్లాక కలం పట్టినవాళ్లు కారు. పి.వి. గారు 1960లలోనే ఒక పెద్ద తెలుగు నవలను హిందీలోకి అనువదించారు. రంగాచార్య గారు అప్పటికే పేరున్న నవలాకారుడు. వాళ్లతో పోల్చుకుంటే మీకు ధైర్యం రాకపోగా బెరుకు మొదలవుతుంది. నాకు పి.వి. గారిలో ఇంకొకటి ముఖ్యమనిపిస్తుంది. అరవై దాటాక, అంత పెద్ద పదవుల్లో ఉండి కూడా, ఆయన కంప్యూటర్ ముందు విద్యార్థిలా కూర్చుని ప్రోగ్రాములు రాయడం దాకా నేర్చుకున్నారు.

మీ ఇంట్లో జరుగుతున్న చర్చలో లేనిది ఇదే. మీ అబ్బాయి దీన్ని టైంపాస్ అంటున్నాడు. మీ ఆయన ఏకంగా పుస్తకం అంటున్నాడు. ఇద్దరిదీ ప్రేమే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఈ రెండింటి మధ్య ఉండాల్సిన నేర్చుకునే కాలాన్ని ఇద్దరూ వదిలేశారు. మీరు కూడా వదిలేస్తారేమోనని నా భయం. రెండేళ్లు విద్యార్థిగా ఉండండి. కాలేజీలో చేరిన మనిషిని "ఇదంతా ఎందుకు" అని ఎవరూ అడగరు, "పుస్తకం ఎప్పుడు" అనీ అడగరు.

ఇక రాయడమా, గీయడమా అన్న ప్రశ్న. ఇది మన ప్రాంతంలో ఈ మధ్య పుట్టిన ప్రశ్నే. మొన్న 2016 దాకా మన వరంగల్ జిల్లాలోనే ఉన్న, పటం బొమ్మలకు పేరున్న చేర్యాలకు ఒకసారి వెళ్లి రండి. ఖద్దరు బట్టకు గంజి పెట్టి, నానబెట్టి రుబ్బిన చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూతలు పూస్తారు. ఒక పూత ఆరాకే ఇంకో పూత. దాని మీద గీతలు, ఎర్రటి నేపథ్యం, ఆ తర్వాత మిగతా రంగులు. ఈ కాలంలో ఆ బొమ్మలు గోడకు పెట్టుకునే ఫ్రేముల్లోకి ఎక్కువగా వచ్చాయి గానీ, అసలు ఆ బొమ్మలు వేసే నకాషీ వాళ్లు గీసింది కథ చెప్పేవాళ్ల కోసం. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్లు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగల వాళ్లు పదుల అడుగుల పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కో గడి చూపిస్తూ రాత్రంతా కథ నడిపించేవాళ్లు. బొమ్మ లేకుండా కథ లేదు, కథ లేకుండా బొమ్మకు పని లేదు. మీరు ఒకదాన్ని వదులుకోవాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. మందమర్రి క్వార్టర్ల వరుసను అట్లా గడులు గడులుగా గీసి, ఒక్కో గడి కింద నాలుగు వాక్యాలు రాసి చూడండి. ఏమొస్తుందో నాకూ తెలుసుకోవాలని ఉంది.

మీరు పంపిన బొమ్మ రామప్ప గుడి చూరు కింద ఉండే నల్లరాతి ఆడమనిషి శిల్పం, మదనికది. ఫొటో చూసి గీశారు. ఓపిక తెలుస్తోంది, నగలన్నీ లెక్క తప్పకుండా వేశారు. కానీ బరువు లేదు. ఆమె ఒక కాలు మీద ఒరిగి నిలబడ్డ సంగతి బొమ్మలో తెలియడం లేదు. ఇది మీ చేతి లోపమని అనుకోను. ఎటు నుంచి చూడాలో, వెలుగు ఎక్కడ పడాలో ఆ ఫొటో తీసినవాళ్లే నిర్ణయించేశారు, మీకు అంచులు మాత్రమే మిగిలాయి. ఆ గుడి ఉన్న పాలంపేట ఎంత దూరం? పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి జనం ఎక్కువ, ఆదివారం పోవద్దు. కొలనుపాక, హంపి, అజంతా అన్నీ తర్వాత. ఒక్క మదనిక కింద నిలబడి, నగలు వేయకుండా, నడుము వంపు, కాలి బరువు మాత్రమే పెన్సిల్‌తో పట్టుకోండి. ఆ నల్లరాయి మీద ఎండ కదులుతుంటే నీడ ఎట్లా జరుగుతుందో చూడండి.

ఇంట్లో రోజూ గీయడానికైతే అంత దూరం అక్కర్లేదు. మీ ఆయన టిఫిన్ డబ్బా, తాడు మీద ఆరేసిన బట్టలు, వంకాయ, మనవడి చెప్పులు చాలు. 2బి, 4బి, 6బి పెన్సిళ్లు, ఒక కార్ట్రిడ్జ్ కాగితాల పుస్తకం కొనుక్కోండి. రంగులు ఇప్పుడే వద్దు. వీలైతే దగ్గర్లో డ్రాయింగ్ నేర్పే మనిషి దగ్గర, పిల్లల పక్కన కూర్చోవాల్సి వచ్చినా సరే, వారానికి ఒకసారి కూర్చోండి. మీ ముగ్గుల చేయి ఎక్కడికీ పోదు. చుక్కలు లేకుండా గీత నడిపించడమే కొత్తగా నేర్చుకోవాలి. కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం గారు బరోడా దాకా పోయి చదువుకున్నారు. ఆయనకు దేశమంతా పేరు తెచ్చింది మాత్రం పెద్ద బొట్టు, నిండు రంగు చీరల్లో ఉన్న మన తెలంగాణ ఊళ్ల ఆడవాళ్లే. మీరు క్యాలెండర్ బతుకమ్మల కోసం వెతుక్కోవాల్సిన పని లేదు.

రాత్రి గిన్నెలన్నీ కడిగాక కూర్చుంటున్నానన్నారు. ఈ ఒక్క విషయంలో మీ మీద నాకు కోపం ఉంది. ఒంట్లో ఇంకేమీ మిగలని సమయాన్ని తీసి మీకు అన్నిటికన్నా ఇష్టమైన పనికి ఇస్తున్నారు. మనవడు బడికి పోయాక పొద్దున గంటన్నర తీసుకోండి. తీసుకోవచ్చా అని అడగకండి, ఇంట్లో చెప్పండి. ఆ గంటన్నర ఫోన్ పక్క గదిలో ఉంటుంది. గేటు చప్పుడైతే మీ ఆయన చూస్తాడు. టీ కావాలంటే ఆయనే పెట్టుకుంటాడు, మీకూ ఒక కప్పు ఇస్తాడు. అన్నేళ్లు ఆయన షిఫ్టు ప్రకారం ఇంటి తిండి, నిద్ర, చప్పుడు అన్నీ మార్చుకున్న మనిషి మీరు. షిఫ్టు అంటే ఏంటో ఆయనకు ఎవరూ వివరించక్కర్లేదు. "ఇది నా ఫస్ట్ షిఫ్టు" అని చెప్పి చూడండి, పుస్తకం వేయిస్తానన్న మనిషి కాదనడు. కోడలితో మాత్రం ముందే కూర్చుని మాట్లాడండి. మీరు వదిలేసే పని ఆమె నెత్తిన పడితే అది న్యాయం కాదు. ఆ పని ఇంట్లో మగవాళ్లకు పోవాలి.

భాష గురించి ఎక్కువ చెప్పను. మీరు ఉంటున్నది కాళోజీ ఊళ్లో. జనం మాట్లాడే భాషే రాతలోకి రావాలని ఆయన జీవితమంతా వాదించారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని మనం తెలంగాణ భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. ఇంత జరిగాక కూడా హనుమకొండలో ఒక మనిషి తన ఇంటి భాష గురించి క్షమాపణ అడిగినట్టు రాయడం నాకు బాధగా ఉంది. మీ పేజీల్లో భార్యాభర్తల మాటలన్నీ ప్రాణంతో ఉన్నాయి, మధ్యలో కథనం మాత్రం పరీక్ష రాస్తున్నట్టు బిగుసుకుంది. కథనాన్నీ మీ మాటలోనే నడపండి. ఒక్క జాగ్రత్త: యాస అనిపించడానికని ప్రతి వాక్యంలో గిట్ల, గట్ల కుక్కొద్దు. రాసింది పైకి చదవండి. మీ నోటికి ఎక్కడ అడ్డం పడితే అక్కడ మార్చండి.

చదవడం కూడా ఈ చదువులో భాగమే. హనుమకొండలో రాజరాజ నరేంద్ర భాషా నిలయం 1904 నుంచి ఉంది. అక్కడికో, జిల్లా గ్రంథాలయానికో వారానికి ఒకసారి వెళ్లండి. కథల సంపుటాలు తెచ్చుకుని, నచ్చిన కథను రెండోసారి చదువుతూ అది ఎక్కడ మొదలైందో, రచయిత ఏది చెప్పకుండా వదిలేశారో గుర్తు పెట్టుకోండి. కాళోజీ కళాక్షేత్రంలో గానీ ఊళ్లో ఇంకెక్కడైనా గానీ సాహిత్య సభలు జరిగితే పోయి కూర్చోండి. మిమ్మల్ని పొగిడే నలుగురి కోసం వెతక్కండి. మీ కథ చదివి "ఇక్కడ నాకు విసుగొచ్చింది" అని చెప్పగలిగే ఒక్కరు దొరికితే ఆ మనిషిని వదులుకోకండి.

మీ వదిన సంగతి. ఇది కష్టమైన ప్రశ్న, రాసేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. రాయడం వేరు, అచ్చుకు పంపడం వేరు. ముందు ఎవరికీ చూపించకుండా, ఎవరికీ భయపడకుండా మొత్తం రాయండి. రాశాక మీకే కొన్ని తెలుస్తాయి. ఈ కథ ఎందుకు రాశాను, మీ అన్న మీద కోపంతోనా, వదిన పడ్డదాన్ని అర్థం చేసుకోవడానికా? కోపంతో రాసిన చోట అన్న మనిషిలా ఉండడు, కథ అక్కడే దెబ్బతింటుంది. ఆయన వైపు నుంచి ఒక్క పేజీ రాసి చూడండి, అది కథలో ఉండకపోయినా పర్లేదు. పేరు మార్చినంత మాత్రాన మనుషులు మారరు. ఊరు, పని, పిల్లల సంఖ్య, జరిగిన వరస కూడా మారాలి. మీ వదిన బతికే ఉన్నారు కాబట్టి, పంపే ముందు ఆమెకు చదివి వినిపించండి. ఆమె వద్దంటే ఆ కథ మీ పెట్టెలో ఉంటుంది, అంతే. ఆ బతుకు ఆమెది. అన్న ఏమనుకుంటాడన్నది రెండో విషయం, నా దృష్టిలో చాలా దూరపు రెండో విషయం.

చివరగా మీ ఆయన యాభై వేలు. ఇప్పుడు వద్దని ఆయనకు నా మాటగా చెప్పండి. తెలుగులో చాలా పుస్తకాలు రచయిత సొంత డబ్బుతోనే వస్తాయి, అందులో తప్పేమీ లేదు. కానీ తొందరపడి వేసిన పుస్తకానికి ఏం జరుగుతుందో ఎన్నో ఇళ్లలో చూశాను. ఆవిష్కరణ సభ, శాలువాలు, ఫొటోలు, ఆ తర్వాత మంచం కింద కట్టలు. ఆ కట్టలు చూసి చూసి రాయడమే మానేసిన వాళ్లున్నారు. "మీకు అవార్డు వచ్చింది, ఫీజు కట్టండి" అని ఫోన్ చేసేవాళ్లూ ఉంటారు, వాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వొద్దు. పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ నంబరు ఇప్పిస్తామని డబ్బడిగితే, అది మన దేశంలో ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుందని గుర్తు పెట్టుకోండి.

ఆ డబ్బులో నుంచి అద్దాలు, బల్ల, దీపం, పెన్సిళ్లు, డ్రాయింగ్ ఫీజు, కొన్ని మంచి కథల పుస్తకాలు, పాలంపేట బస్సు చార్జీ తీసుకోండి. మిగతాది బ్యాంకులో ఉండనివ్వండి. బకెట్ కథను మళ్లీ రాసి, వారం పక్కన పెట్టి, ఇంకోసారి చదివి, ఒక పత్రికకు పంపండి. ఒకేసారి రెండు చోట్లకు పంపొద్దు. ఈ కథ నా సొంతం, అనువాదమో అనుకరణో కాదు, వేరే ఎక్కడా పరిశీలనలో లేదు అని హామీ పత్రం జతచేయాలి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. చాలా పత్రికలు తిప్పి పంపవు, జవాబూ రాయవు. రెండు మూడు నెలలు చూసి, ఒక మాట అడిగి, ఇంకో పత్రికకు పంపండి. ఈలోగా రెండో కథ మొదలై ఉండాలి. అది ఆ గేటు దగ్గర నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లదైతే ముందుగా నాకు పంపండి, చదవాలని ఉంది.